జిప్సీ క్లచ్ జారుతుంటే: ప్లేటు ఒక్కటే వెయ్యాలా, సెట్ మొత్తం మార్చాలా?

పాత మారుతి జిప్సీ కొన్నవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. "అన్నా, క్లచ్ స్లిప్ అవుతోంది. మెకానిక్ ప్లేటు ఒక్కటి వేస్తే చాలంటున్నాడు. వేయించెయ్యనా?" ఈమధ్యే నా ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) జిప్సీకి రెండోసారి గేర్‌బాక్స్ దింపించాను. మొదటిసారి నేను వేయించింది ప్లేటు ఒక్కటే; సెట్ అంటే ప్లేటుతోపాటు దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా. ఏడు నెలలు తిరక్కుండా అనంతగిరి ఘాట్‌లో, నలుగురం ఎక్కి ఉండగా, మూడో గేరులో ఇంజను అరుపు పెరిగింది గానీ బండి లాగలేదు. వెనకే కాలిన వాసన. ఆ రోజు ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే మోడ్) వేసి, నెమ్మదిగా ఎలాగో కొండ ఎక్కించాను.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. ఫోర్ లోలో బండి బాగానే లాగుతోంది కాబట్టి క్లచ్‌కేమీ కాలేదనుకుంటారు. ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) గేరు తగ్గించి ఇచ్చినప్పుడు క్లచ్ మీద పడే భారం తగ్గిపోతుంది, జారుడు కనబడదు. పరీక్ష ఎప్పుడూ టూ హైలోనే, అంటే వెనక చక్రాలు మాత్రమే లాగే మామూలు మోడ్‌లోనే చెయ్యాలి. ఖాళీగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేరులో నలభై స్పీడులో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. స్పీడు పెరగకుండా ఇంజను శబ్దం ఒక్కటే పైకి లేస్తే క్లచ్ జారుతున్నట్టే. చెవికే తెలుస్తుంది.

గేర్‌బాక్స్ దించే ముందు క్లచ్ కేబుల్ చూడండి. పెడల్‌ని చేత్తో నొక్కితే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే కదలాలి. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గిపోతుంది. ఆట లేకపోతే, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్లని ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది, అంటే మీరు కాలు తీసినా క్లచ్ సగం తొక్కే ఉన్నట్టు. కేబుల్ నట్టు కొంచెం వదులు చేస్తే జారుడు ఆగిన బండ్లు నేను చూశాను. వాగు దాటిన వెంటనే జారితే కూడా కంగారు పడకండి, ముందు ఆరనివ్వండి.

కేబుల్ సరిగా ఉండి కూడా జారుతుంటే దించక తప్పదు. పాత ప్లేటుకే కొత్త లైనింగ్ రివెట్ కొట్టించడం చవకే, కానీ ఘాట్ రోడ్లెక్కే బండికి నేను చెప్పను. ప్లేటు మధ్యలో ఉండే స్ప్రింగులు, స్ప్లైన్లు (షాఫ్టు మీద కూర్చునే పళ్లు) పాతవే మిగిలిపోతాయి. హెవీ డ్యూటీ సిరామిక్ ప్లేట్లు కూడా జిప్సీకి అక్కర్లేదు. అవి ఒక్క కుదుపుతో పట్టుకుంటాయి, ఆ దెబ్బ జాయింట్లు తింటాయి.

మిగిలింది ప్లేటా, సెట్టా అన్న ప్రశ్న. ప్లేటు ఒక్కటే అయితే సామాను ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, కాదనను. సెట్ వేసి ఏడాది కాకుండానే ప్లేటు మీద ఆయిల్ పడి చెడితే ప్లేటు ఒక్కటే మార్చడం న్యాయమే. కానీ జారి జారి కాలిన క్లచ్‌లో ప్రెషర్ ప్లేటు కూడా ఆ వేడి తిన్నదే. దాని డయాఫ్రమ్ స్ప్రింగు (ప్లేటుని నొక్కిపట్టే గుండ్రటి స్ప్రింగు) పట్టు తగ్గిపోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. నాకు మొదటిసారి మెకానిక్ "ఇది బాగానే ఉంది" అన్న ప్రెషర్ ప్లేటునే రెండోసారి వెలుతురులో పట్టుకు చూస్తే ముఖం మీద నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు. కొత్త ప్లేటుని అలాంటిదాని కింద పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంతకీ నా లెక్కలో తేల్చేది సామాను ధర కాదు, షాఫ్టుల దగ్గర నూనె కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు. గేర్‌బాక్స్ దించగానే బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గుల్ల) లోపల తుడవనివ్వకండి, ముందు చూడండి. గేర్‌బాక్స్ ముందు షాఫ్టు చుట్టూ తడి ఉంటే, ఆ నూనె చిక్కగా గంధకం వాసన కొడుతుంటే అది గేర్ ఆయిల్, ముందు సీల్ పోయింది. ఫ్లైవీల్‌కీ (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం, ప్లేటు దీనికే ఆనుతుంది) ఇంజనుకీ మధ్య తడి ఉంటే క్రాంక్ వెనక సీల్. నా బండిలో మొదటిదే. కొత్త ప్లేటు లోపలి అంచు దాకా నూనె పాకింది. ఏ ప్లేటు వేసినా, ఏ సెట్ వేసినా ఆ సీల్ మార్చకపోతే మళ్లీ జారేదే. సీళ్లు రెండూ కలిపినా లేబర్ ముందు లెక్కలోకి రావు. అందుకే తడి కనిపించకపోయినా రెండూ మార్పించేయండి.

లేబర్ అంటే గుర్తొచ్చింది, ఈ విషయంలో జిప్సీ వాళ్లు అదృష్టవంతులు. ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా ఛాసిస్‌కి వేలాడుతుంది. మధ్యలోని పొట్టి షాఫ్టు విప్పితే గేర్‌బాక్స్ ఒక్కటే కిందికొస్తుంది. పాత మహీంద్రా జీపుల్లో అది గేర్‌బాక్స్‌కే బిగించి ఉంటుంది, ఆ బరువంతా మొయ్యాలి. అలాంటి బండికైతే ప్లేటు ఒక్కటే వేసి సరిపెట్టమని అసలే చెప్పను, దించే పనే అంత పెద్దది.

ఈసారి నేను ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ షాఫ్టు కొసని పట్టే పైలట్ బేరింగ్, రెండు సీళ్లు వేయించాను. ఫ్లైవీల్‌ని లేత్ మీద ఫేసింగ్ కొట్టించాను, అంటే ముఖం చదును చేయించాను. గాట్లు పడిన ఫ్లైవీల్ మీద కొత్త ప్లేటు పూర్తిగా ఆనదు, ఆనినచోటే కాలుతుంది. పెద్ద టైర్లు, 235 సైజువి, వేసుకున్నవాళ్లు ఇది మరీ వదలకూడదు. ప్రతి ఎత్తులోనూ వాళ్ల క్లచ్ మీద ఎక్కువ బరువు పడుతుంది.

మొదటి 500 కిలోమీటర్లు బరువులెయ్యకుండా, క్లచ్ మీద బండిని ఎత్తులో ఆపకుండా నడపండి. ఆ తర్వాత కేబుల్ ఆట మరోసారి చూసుకోండి. గేర్‌బాక్స్ మళ్లీ పైకి ఎక్కించేటప్పుడు మాత్రం మీరు షెడ్డు దగ్గరే ఉండండి. ఫ్లైవీల్ ముఖం, కొత్త సీళ్లు కంటితో చూశాకే బిగించమనండి.