ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చేది కరిగెటకు ముందా, అయినంకనా?

మా ట్రాక్టర్ పరకాల దిక్కు తిరుగుతది. వానకాలం, యాసంగి రెండు పంటలకూ కరిగెట (నాటుకు ముందు నీళ్ల మడిని బురదగ దున్నుడు), నడుమ పత్తి చేన్లల్ల రోటవేటర్, పంట చేతికొస్తే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ట్రాలీ. ఆయిల్‌లో మునిగుండే బ్రేకులు కాబట్టి గేర్లకు, హైడ్రాలిక్ లిఫ్టుకు, బ్రేకులకు అన్నిటికీ ఒక్కటే ఆయిల్. కొన్నకాన్నుంచి యూటీటీఓ (ఈ మూడింటికీ పనికొచ్చేటట్టు చేసిన ట్రాక్టర్ ఆయిల్) రకమే పోస్తున్న. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఎప్పుడు మార్చాలె అన్నకాడనే అసలు లొల్లి.

చాలా కంపెనీల బుక్కుల్లో 1000 గంటలకు ఆయిల్ అని ఉంటది, ఫిల్టర్ అంతకంటే ముందే. పొడి దుక్కికి, ట్రాలీకి ఆ లెక్క చాలు. కరిగెట కొట్టే బండిని మాత్రం మీటర్ చూసి నడిపిస్తే నడవదు. పొద్దంతా హౌసింగ్ (గేర్లు, ఆయిల్ ఉండే పెట్టె) కాలుతది, ఇరుసు దాకా నీళ్లల్ల ఉంటది. పని ఆపి అట్లనే మడిలో నిలబెడితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటది, ఇరుసు సీలు (ఆయిల్ బయటికి, నీళ్లు లోపలికి పోకుండ ఆపే రింగు) కొంచెం అరిగినా నీళ్లను లోపలికి గుంజుతది. ఇరుసుకు గడ్డి చుట్టుకుంటే సీలు ఇంకా తొందరగ పోతది.

మా దిక్కు మెకానిక్‌లు సీజన్‌కు ముందే అన్నీ మార్చమంటరు. నేను ఫిల్టర్ ఒక్కటే ముందు మారుస్త, ఆయిల్ యాసంగి కరిగెట అయినంకనే. కొత్త ఆయిల్ పోసి బురదలకు దింపుడెందుకు? పైగా లోపల చేరిన నీళ్లు ఎండకాలమంతా అట్లనే ఉంటే బేరింగులకు తుప్పు పడుతది.

నీళ్లు చేరినయా లేదా అని నేను చూసే తీరు ఇది. బండిని రాత్రంతా చదునుగున్న జాగల పెట్టి, తెల్లారి స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ ప్లగ్ కొద్దిగ వదులు చేస్త. నీళ్లుంటే ముందు అవే కారుతయి. ఆయిల్‌లో కలిసిపోతే డిప్‌స్టిక్ మీద పాలు ఎక్కువైన చాయ రంగు కనిపిస్తది. అప్పుడు మీటర్ 400 గంటలే చూపించినా ఆగను, ఆయిల్ మార్చేస్త. మొత్తం దింపేటప్పుడు మాత్రం బండి వేడి మీద ఉండాలె, లేకుంటే మడ్డి అడుగునే ఉంటది. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు అంటుకుంటే భయం లేదు. వేళ్ల నడుమ గరుకుగా ముక్కలు తగిలితే గేరు బాక్స్ విప్పాల్సిందే.

ఫిల్టర్ సంగతి వేరే. పొద్దున చల్లగున్నప్పుడు పంపు కూత పెట్టుడు, బరువు ఎత్తేటప్పుడు లిఫ్టు వణుకుడు, రెండూ ఫిల్టర్ మూసుకుపోయిందనడానికి గుర్తులు కావొచ్చు. ఆయిల్ లెవల్ తక్కువున్నా అట్లనే చేస్తది, ముందు అది చూడుండ్రి. కాగితం ఫిల్టర్‌ను కడిగి మళ్లీ పెట్టేటోళ్లున్నరు, దండగ. ఇనుప జాలి ఫిల్టర్‌నైతే డీజిల్‌తోటి కడిగి వాడుకోవచ్చు.

ఇంకో మాట. పక్కోళ్ల హైడ్రాలిక్ ట్రాలీ తగిలిస్తే దాని జాక్‌లో ఉన్న పాత ఆయిల్ మన హౌసింగ్‌లకు వస్తది. తుడవని కప్లర్ (ట్రాలీ పైపు తగిలించే మూతి) నుంచి మన్ను కూడా వస్తది. మిర్చి సీజన్‌ల ట్రాలీలు చేతులు మారుతనే ఉంటయి, అందుకే ఆ సీజన్ అయినంక ఫిల్టర్‌ను ఇంకోసారి చూసుకుంట.

దుకాణంలో చవకగా దొరికిందని 90 నంబర్ గేర్ ఆయిల్ ఇసొంటి బండిలో పోయకుండ్రి. బ్రేకులు కీచుమంటయి, లిఫ్టు మొండికేస్తది. పొడి బ్రేకుల పాత బండ్ల కథ వేరే, వాటికి బుక్కులో రాసిందే పోయాలె.