పిల్లి ఉన్నవాళ్లు మందు బాక్స్ మీది ధర స్టిక్కర్ పీకి చూడండి

మా పీచు ఇప్పుడు బాగానే ఉంది. ముందే చెప్పేస్తున్నా, చదువుతూ టెన్షన్ పడకండి. పూర్తి పేరు పీచుమిఠాయి, నాలుగేళ్ల పర్షియన్. పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెట్ షాపులో కొన్న చుక్కల మందు వల్ల దాన్ని రెండు రాత్రులు క్లినిక్‌లో వదిలి రావాల్సి వచ్చింది.

బయట గ్రూమింగ్‌కి తీసుకెళ్తే భయంతో ముడుచుకుపోతుందని ఈసారి ఇంట్లోనే దువ్వడం మొదలుపెట్టాను. చెవుల వెనక, చంకల్లో జుట్టు ఉండలు కట్టేసింది. దువ్వుతుంటే మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు రాలాయి. తడి టిష్యూ మీద వేస్తే ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక దిగింది. అది ఫ్లీ అనే, జుట్టులో దాక్కుని రక్తం తాగే చిన్న పురుగుల మలం, అంటే మా పిల్లి రక్తమే. అందుకే మందు కోసం షాపుకెళ్లాను.

పిల్లికి కావాలని రెండుసార్లు చెప్పాను. "కుక్కకైనా పిల్లికైనా ఒకటే మేడమ్. పిల్లి చిన్నది కదా, సగం వెయ్యండి" అన్నాడు. బాక్స్ మీద కుక్క బొమ్మ ఉంది. చూసి కూడా ఊరుకున్నాను, అది నా తప్పే.

పొద్దున పదకొండింటికి మెడ వెనక జుట్టు పాయ తీసి వేశాను. సాయంత్రం నాలుగింటికి చెవులు టకటకా కొట్టుకోవడం మొదలైంది. తడి అంటుకున్నట్టు కాళ్లు విదిలిస్తోంది. కాసేపటికి ఒళ్లంతా వణుకు, నోట్లోంచి చొంగ. ఒళ్లు కాలిపోతోందని మా అత్తయ్య పారాసెటమాల్ సిరప్ తెచ్చారు. ఎందుకో వెయ్యలేదు. అది పిల్లులకు ప్రాణాంతకమని తర్వాత డాక్టర్ చెబితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

క్లినిక్‌లో మొదటి ప్రశ్న, "ఏం పూశారు?" బాక్స్ చేతికిచ్చాను. ఆయన వెనక ఉన్న ధర స్టిక్కర్‌ని గోటితో పీకారు. కింద పిల్లి బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టేసిన గీత! పక్కనే సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో మందు పేరు, పెర్మెత్రిన్. కుక్క శరీరం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుందట. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ, అందుకని అది నరాల మీద పనిచేస్తూనే ఉంటుంది. సగం వేసినా విషమే. దీనికి ప్రత్యేకంగా విరుగుడు లేదన్నారు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వణుకు తగ్గే ఇంజెక్షన్లు ఇస్తూ కనిపెట్టుకుని ఉండటమే.

ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. కుక్కకి ఈ మందు వేశాక ఆరేదాకా పిల్లిని దాని దగ్గరికి రానివ్వకండి. ఒళ్లు నాకినా, ఆనుకుని పడుకున్నా ప్రమాదమే.

బిల్లు పద్నాలుగు వేలు. షాపుకెళ్లి అడిగితే "మీరే ఎక్కువ వేసుంటారు" అని చేతులు దులుపుకున్నాడు. అతనిచ్చిన బిల్లులో మందు పేరు లేదు, 'పెట్ ఐటెమ్ 1' అని మాత్రమే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను కానీ, పేరు లేని ఆ కాగితంతో నా మాట ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. మీరైతే మందు పేరు రాయించుకోకుండా డబ్బులివ్వకండి. బాక్స్ పారేయకండి.

తర్వాతి చెకప్‌కి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ బరువు చూసి, పిల్లులకని ఉన్న మందే రాశారు. దాంతోపాటు పేలదువ్వెనలాంటి సన్నపళ్ల స్టీలు దువ్వెన కొనమన్నారు. ఒక్కోసారి దువ్వి సబ్బునీళ్లలో ముంచితే పురుగులు అందులోనే చస్తాయి. ఉండల మీద కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, మొదలు దగ్గర జుట్టు వేళ్లతో గట్టిగా పట్టుకుని, కొస నుంచి మెల్లగా విడదీస్తున్నాను. విప్పకుండా స్నానం చేయిస్తే ఉండలు ఇంకా బిగుసుకుంటాయి. కత్తెర మాత్రం ముట్టుకోవద్దన్నారు. పిల్లి చర్మం కాగితంలా పల్చన, ఉండతో పాటే పైకి లేచి కత్తెరలో పడుతుంది.

చంకలో ఇంకా రెండు ఉండలున్నాయి. అన్నం తిన్నాక ఐదు నిమిషాలే కూర్చోనిస్తుంది, ఆ తర్వాత నా చెయ్యి కొరుకుతుంది.