విల్లు మీది కెమెరాని చెట్టెక్కించాను: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

ఒంటరిగా వేటకు వెళ్లి, ఆ వేటను తానే వీడియో తీసుకోవాలనుకునేవాళ్లు మొదట కొనేది దాదాపు ఎప్పుడూ ఒకటే: విల్లుకు బిగించే చిన్న యాక్షన్ కెమెరా. తేలిక, చిన్నది, బటన్ నొక్కితే చాలు. నేనూ దాంతోనే మొదలుపెట్టాను. తర్వాత చెట్టుకు బిగించే కెమెరా ఆర్మ్, దాని మీదికి ఆప్టికల్ జూమ్ ఉన్న హ్యాండీక్యామ్ వచ్చి చేరాయి. రెండూ చాలాకాలం వాడాక చెబుతున్నాను: డబ్బు ఒక్కదానికే ఉంటే ఆర్మ్‌కి పెట్టండి.

ముందు ఒక సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను రాస్తున్నది అమెరికాలో లైసెన్సు, ట్యాగు (జింకని వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని, విల్లు సీజన్‌లో, ట్రీ స్టాండ్ (చెట్టుకు బిగించే చిన్న మంచె) మీద కూర్చుని తెల్లతోక జింక కోసం చేసే వేట గురించి. అక్కడ కూడా విల్లుకు ఎలక్ట్రానిక్ వస్తువులు తగిలించడం మీద నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. విల్లువేట రికార్డులు నమోదుచేసే పోప్ అండ్ యంగ్ క్లబ్ కూడా విల్లు మీద కెమెరాని 2014లో గానీ ఒప్పుకోలేదు. కొనేముందు మీ రాష్ట్రం రూల్స్ పుస్తకం ఒకసారి తిరగేయండి.

విల్లు మీది కెమెరాతోనే మొదలుపెడతాను. విల్లు ఊగకుండా ముందువైపు పెట్టే బరువు కడ్డీ, అంటే స్టెబిలైజర్, బిగించే చోటే దీన్నీ బిగిస్తారు. అక్కడి మర 5/16 అంగుళం, కెమెరాల అడుగున ఉండే మర 1/4 అంగుళం. అందుకని మధ్యలో ఒక అడాప్టర్ తప్పదు. ముందువైపు బరువు పెరిగితే విల్లు నిలిచే తీరు మారుతుంది కాబట్టి, కెమెరా బిగించి ఉంచే ప్రాక్టీసు చెయ్యాలి, సైటు (విల్లు మీద గురి చూసే సాధనం) కూడా అలాగే సరిచూసుకోవాలి. ఇవన్నీ ఒకసారి చేసుకుంటే అయిపోయే పనులే.

అసలు ఇబ్బంది బాణం వదిలాక. విల్లును బిగించి పట్టుకోకూడదని మొదటిరోజే నేర్పుతారు కదా. పిడికిలి వదులుగా ఉంటుంది కాబట్టి, బాణం వెళ్లగానే విల్లు ముందుకు వాలి మణికట్టు పట్టీ మీద వేలాడుతుంది. దాంతోపాటు కెమెరా కూడా నేలచూపులు చూస్తుంది. నా పాత వీడియోల్లో జింక కనిపిస్తుంది, నారి చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాత అన్నీ ఎండుటాకులే. పైగా ఆ చిన్న కెమెరాల సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా కాకుండా వరసవరసగా చదువుతుంది. నారి వదిలిన అదురుకి సరిగ్గా ఆ క్షణంలోనే బొమ్మంతా జెల్లీలా ఊగుతుంది. ఏది చూడాలని కెమెరా పెట్టుకున్నామో అదొక్కటే ఉండదు.

లెన్స్ సంగతి ఇంకొకటి. యాక్షన్ కెమెరాలు బాగా వెడల్పుగా చూస్తాయి. 20 గజాల్లో నిలబడ్డ జింక, ఫోన్లో చూస్తే ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది. కోణం ఇరుకు చేసే సెట్టింగ్ ఉంటే తప్పకుండా వాడండి, కొంత నయం. ఇక జింక వస్తున్నంతసేపూ విల్లు కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి, కెమెరాకి అప్పటిదాకా కనిపించేది చెట్టు బెరడే.

ఆర్మ్ అలా కాదు, అది వేరే రకంగా ఏడిపిస్తుంది. చెట్టుకు పట్టీతో బిగించే ఒక బేస్, దానికి మడిచి చాపగలిగే రెండు మూడు అతుకుల చెయ్యి, చివర కెమెరాని కుదుపు లేకుండా తిప్పే ఫ్లూయిడ్ హెడ్, దాని మీద కెమెరా. వినడానికి ఇంతే. కానీ చెట్టు ఎప్పుడూ నిటారుగా ఉండదు. బేస్ వెంట్రుకవాసి వాలినా, చెయ్యి తీయగానే కెమెరా దానంతటదే నెమ్మదిగా పల్లానికి జరిగిపోతుంది. జింక కుడివైపు వస్తుంటే కెమెరా ఎడమవైపు షికారుకెళుతుంది. బేస్‌లో లెవెల్ బుడగ, దాన్ని సరిచేసే మరలు లేని ఆర్మ్ ఎంత తక్కువకి వచ్చినా కొనొద్దు. బుడగ మధ్యలో నిలిచాక, చెయ్యి పూర్తిగా చాపి ఒక వైపు, మడిచి ఇంకో వైపు వదిలి చూడండి. రెండుచోట్లా కదలకపోతేనే లెవెల్ కుదిరినట్టు.

చప్పుడు రెండో పోరు. పళ్లచక్రంతో బిగిసే రాచెట్ పట్టీ బిగించేటప్పుడు వచ్చే టకటక ఉదయపు చల్లగాలిలో చాలాదూరం వినిపిస్తుంది. నేను రాచెట్ తీసేసి చేత్తో లాగి బిగించే మామూలు క్యామ్ బకిల్ పట్టీ వేసుకున్నాను. లోహం లోహానికి తగిలే ప్రతిచోటా గుడ్డ టేపు చుట్టాను. విల్లు పొరపాటున ఆర్మ్‌కి తగిలితే వచ్చే 'ఠంగ్' ఒక్కటి చాలు, ఆ రోజు వేట అయిపోయినట్టే. అందుకే స్టాండ్ మీద కుదురుకోగానే కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి, నాలుగు దిక్కులా నారి లాగి చూసుకుంటాను, విల్లు కింది కొమ్ము ఎక్కడా ఆర్మ్‌ని తాకకూడదు. విల్లు నా ఎడమచేతిలో ఉంటుంది కాబట్టి కుడిచెయ్యి చివరి క్షణందాకా కెమెరా మీద ఉంచగలుగుతాను.

సామానంతా మోసుకుంటూ చెట్టెక్కకండి. ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు, అంటే హార్నెస్, వేసుకుని, చెట్టు పైనుంచి వేలాడే రక్షణ తాడుకి, అంటే నేల మీంచే లైఫ్‌లైన్‌కి తగిలించుకుని ఎక్కాలి. విల్లు, కెమెరా సంచీ తర్వాత తాడుతో పైకి లాక్కోవాలి. ఆర్మ్‌ని పట్టుకుని లేవడం, దాని మీద ఆనుకోవడం అసలు చెయ్యకూడదు, అది మనిషి బరువుకి చేసింది కాదు.

ఇక వీడియో తీయడం. ఆటోఫోకస్‌ని నమ్మొద్దు. మధ్యలో ఒక పుల్ల అడ్డమొస్తే పుల్ల స్పష్టంగా, వెనక జింక మసకగా వస్తుంది. మాన్యువల్‌లో పెట్టి, బాణం వెయ్యగలిగే దూరంలో ఉన్న ఏదో ఒక మోడు మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. జూమ్ విషయంలో అందరికీ చెయ్యి ఆగదు. జింక దగ్గరికొచ్చేకొద్దీ తలని ఫ్రేమ్ నిండా నింపాలనిపిస్తుంది. నారి లాగేముందు మాత్రం వెనక్కి వచ్చెయ్యాలి. జింక మొహం ఎటుంటే అటువైపు ఫ్రేములో ఖాళీ వదిలి, చెయ్యి తీసి, ఇక కెమెరాని మరిచిపోవాలి. తగిలాక అది పరిగెత్తేది ఆ ఖాళీలోకే, అప్పుడు కెమెరా తిప్పడానికి రెండో మనిషి లేడు.

ఇంత అవస్థ దేనికంటారా? బాణం ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి. మిగతా లాభాలన్నీ దాని తర్వాతే.

నా బాణం సెకనుకు సుమారు 280 అడుగుల వేగంతో వెళ్తుంది. 20 గజాలు దాటడానికి సెకనులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తే ఆ ప్రయాణమంతా ఆరు ఫ్రేముల్లో ముగుస్తుంది, ఒక్కో ఫ్రేముకి బాణం తొమ్మిది అడుగులు దూకేస్తుంది. 120లో తీస్తే పాతిక ఫ్రేములు దొరుకుతాయి. బాణం వెనక కొసన నారికి తగిలించే ముక్క, అంటే నాక్, వెలిగే రకమైతే బాణం దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. శబ్దం దీనికంటే చాలా వేగంగా, సెకనుకు సుమారు 1,100 అడుగులు వెళ్తుంది. నారి చప్పుడు జింక చెవిన పడేసరికి బాణం ఇంకా పదిహేను అడుగుల దగ్గరే ఉంటుంది. మిగిలిన నలభై అయిదు అడుగులూ జింక తప్పించుకోవడానికి దొరికే సమయమే.

ఒక ఆడజింక వీడియోని ఫ్రేము తర్వాత ఫ్రేముగా చాలాసార్లు చూశాను. మొదట చెవులు వెనక్కి తిరిగాయి. తర్వాత ముందుకాళ్లు మడిచి ఛాతీ కిందికి దించింది. ఉరకాలంటే ముందు కుంగాలి కదా. ఆ కుంగడంలోనే ఒళ్లు కాస్త పక్కకు తిప్పింది. భుజం వెనక గురిపెట్టిన చోటికి బాణం చేరేసరికి అక్కడున్నది చివరి పక్కటెముకలు. స్టాండ్ మీంచి చూస్తే ఇదేమీ కనబడలేదు, కనబడింది ఒక్క మెరుపు, ఎగిరిన తోక. చిన్న తెరలో ఆ నాక్ ఎక్కడ వెలిగిందో చూసి, ఇది ఊపిరితిత్తులు కాదు, కాలేయం అయివుంటుందనుకున్నాను. ఊపిరితిత్తులైతే అరగంట ఆగి దిగొచ్చు. కాలేయమైతే కనీసం నాలుగు గంటలు, పేగులైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలన్నది వేటగాళ్లు పాటించే లెక్క. తొందరపడి వెంటపడితే పడుకున్న జింక లేచి మైళ్లకొద్దీ పోతుంది, నెత్తుటి జాడ తెగిపోతుంది. నేను ఆగాను. మధ్యాహ్నానికి అది మొదట పడుకున్న పొదలోనే దొరికింది. విల్లు మీది కెమెరా ఒక్కటే ఉండుంటే నాకు ఎండుటాకులు తప్ప ఏమీ తెలిసేది కాదు.

వెలుతురు దగ్గర మాత్రం ఏ కెమెరా అయినా ఓడిపోతుంది. చాలా రాష్ట్రాల్లో సూర్యాస్తమయం తర్వాత అరగంటదాకా బాణం వెయ్యొచ్చు. పెద్ద జింకలు కదిలేదీ ఆ అరగంటలోనే. కంటికి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి, తెరమీద మాత్రం చుక్కలు చుక్కలుగా గింజలు లేస్తాయి. 120 ఫ్రేములకి వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి, పొద్దు వాలగానే 30కి దించి షట్టర్ 1/60కి తెస్తాను. నాణ్యమైన లెన్స్, ఒక అంగుళం సెన్సర్ ఉన్న కెమెరా కొంటే ఇంకో పది నిమిషాలు కలిసొస్తాయి, అంతకుమించి ఆశించొద్దు. టీవీ షోల వాళ్లు కెమెరాకి వెలుతురు లేదని జింకని వదిలేస్తుంటారు, అది వాళ్ల ఉద్యోగం. నాకు జింక ముందు, వీడియో తర్వాత. దీనికి రెండోవైపు కూడా ఉంది, అదే ఎక్కువ ప్రమాదం: రికార్డింగ్ నడుస్తోంది కదా అని వెయ్యకూడని కోణంలో వెయ్యాలనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చిందంటే కెమెరా ఆపెయ్యడమే మంచిది.

చలికి లిథియం అయాన్ బ్యాటరీలు త్వరగా చేతులెత్తేస్తాయి. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి. వెచ్చని ఇంట్లోకి తిరిగొచ్చాక కెమెరాని సంచీలోంచి వెంటనే తీయొద్దు, లెన్స్ మీద ఆవిరి పడుతుంది. రికార్డింగ్ ఎర్రలైటు మీద నల్లటేపు, బీప్ బంద్, తెర వెలుగు తక్కువ. మైకుకి బొచ్చుతొడుగు లేకపోతే గాలి తప్ప ఏమీ వినిపించదు.

విల్లు నుంచి తీసేసిన యాక్షన్ కెమెరా ఏమైందంటే, ఇప్పుడు నా తలకు పైన, చెట్టుకే, నావైపు తిరిగి ఉంటుంది. దాని వెడల్పు లెన్స్ అక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది, నేనూ విల్లూ కిందున్న నేలా అన్నీ ఒకే ఫ్రేములో. నా యాంకర్ (నారి పూర్తిగా లాగినప్పుడు చెయ్యి మొహానికి ఆనే చోటు) ఎక్కడుంది, నారి వదిలాక ఎడమచెయ్యి ఎందుకు పడిపోతోంది అన్నవి అందులోనే చూసి దిద్దుకుంటున్నాను.

రోజూ కొత్త చెట్టు వెతుక్కుంటూ మైళ్లు నడిచేవాళ్లకి ఈ ఆర్మ్, హెడ్, కెమెరా బరువు నేను సిఫారసు చెయ్యను, నాకైతే రెండో మైలుకే భుజాలు పడిపోతాయి. నేల మీద బ్లైండ్‌లో, అంటే దాక్కునే గుడారంలో, కూర్చునేవాళ్లకి పొట్టి ట్రైపాడ్ చాలు, ఆర్మ్ దండగ. జింక వెనక నక్కుతూ నడిచి వేటాడేవాళ్లకి మాత్రం విల్లు మీది కెమెరా తప్ప వేరే దారి లేదు. వాళ్లు ఎండుటాకులకి అలవాటు పడాల్సిందే.