వికీ నిర్వాహకుల ఎన్నిక: బహిరంగ చర్చ, రహస్య ఓటు, గడువు... ఏది మేలు?

వికీపీడియాకు ప్రధాన సంపాదకుడంటూ ఎవరూ లేరు. ప్రతి భాషా వికీ తన నియమాలు తనే రాసుకుంటుంది. అయినా ఏ వికీలోనైనా కొందరి చేతిలో మిగతావారికి లేని మీటలు ఉంటాయి. వాళ్లు పేజీని తొలగించగలరు, దిద్దుబాట్లు జరక్కుండా తాళం వేయగలరు, అల్లరి చేసే వాడుకరిని నిరోధించగలరు. వాళ్లే నిర్వాహకులు. వాళ్లకు జీతం లేదు, కుర్చీ లేదు. 2003లో వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ ఈ హోదా పెద్ద విషయమేమీ కాదని రాశాడు. అప్పట్లో కాదు కూడా. ఇప్పుడు మాత్రం ఇంగ్లీషు వికీపీడియాలో ఈ హోదాకు నిలబడటమంటే ఎన్నికలో నిలబడటమే.

ఈ ఎన్నిక ఎలా జరగాలన్నదాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడుస్తున్నాయి. ఓటు బాహాటంగా వేయాలా, రహస్యంగానా? ఎంత శాతం వస్తే గెలిచినట్టు? ఎన్నికైనవాళ్లు ఎన్నాళ్లుండాలన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చుంటుంది. నా లెక్కలో ముందు తేల్చుకోవలసింది అదే.

బహిరంగ చర్చ

పాత పద్ధతి ఇది. ఇంగ్లీషు వికీపీడియాలో అభ్యర్థి తన పేరు పెట్టుకున్నాక ఏడు రోజుల పాటు చర్చ జరుగుతుంది. ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. మద్దతు ఇచ్చేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ సంతకంతో సహా కారణం రాస్తారు. 75 శాతం దాటితే సాధారణంగా గెలిచినట్టే, 65 లోపు అయితే పోయినట్టే. ఆ రెంటికీ మధ్య పడితే, నిర్వాహక హోదా ఇచ్చే మీట ఉన్న ‘అధికారులు’ అనే వాడుకరులు చర్చ మొత్తం చదివి తేలుస్తారు. అంటే ఇది అచ్చంగా ఓట్ల లెక్క కాదు, వాదన బలం కూడా చూస్తారు.

ఇందులో ఉన్న మంచి చిన్నదేమీ కాదు. వ్యతిరేకించినవాళ్లు ఎందుకు వ్యతిరేకించారో అభ్యర్థికి తెలుస్తుంది, జవాబిచ్చుకునే వీలుంటుంది. తప్పుడు ఆరోపణ వస్తే ఎవరో ఒకరు లింకు చూపించి ఖండిస్తారు. నిన్న తెరిచిన ఖాతాతో వచ్చి ఓటేసేవాళ్లు అందరి కళ్లకూ కనిపిస్తారు.

చెడు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఎప్పుడో కోపంలో రాసిన ఒక్క వాక్యాన్ని తవ్వి తీసి ఆ వారమంతా దాని చుట్టూనే తిరుగుతారు. ఆ టెన్షన్ నాకెందుకని అర్హులే తప్పుకుంటారు. ఇంగ్లీషు వికీలో 2007లో 408 మంది కొత్త నిర్వాహకులు వచ్చారు. 2021లో వచ్చింది ఏడుగురు. ఈ పతనం మొత్తాన్నీ ఎన్నిక పద్ధతి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ ప్రపంచంలోకెల్లా పెద్ద వికీకి ఏడాదికి ఏడుగురు అంటే ఎక్కడో ఏదో బిగుసుకుపోయిందనే అర్థం.

చిన్న వికీల్లో జబ్బు వేరు. అక్కడ అభ్యర్థిని ఎవరూ చీల్చి చెండాడరు, అసలు ఎవరూ నోరు విప్పరు. చురుగ్గా రాసేది కొద్దిమందే. ఒకరికొకరు తెలుసు, సమావేశాల్లో కలుస్తారు, కలిసి భోంచేస్తారు. రేపు మళ్లీ అదే మనిషితో అదే చర్చా పేజీలో మాట్లాడాలి. అలాంటి చోట ‘వ్యతిరేకం’ అని రాసి కింద సంతకం పెట్టడానికి ఎంత మొహమాటం అడ్డొస్తుందో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇష్టంలేనివాళ్లు ఆ వారం వేరే వ్యాసాలు దిద్దుకుంటూ గడిపేస్తారు. ఫలితం ఏకగ్రీవం. పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రోత్సాహక నిధులిచ్చే ప్రభుత్వాలను చూసినవాళ్లం కాబట్టి, ఆ ఏకగ్రీవాల్లో కొన్ని ఎలా కుదురుతాయో కూడా మనకు తెలుసు.

రహస్య ఓటు

2024 అక్టోబరులో ఇంగ్లీషు వికీపీడియా కొత్త దారి తొక్కింది. అభ్యర్థులందరూ ఒకేసారి నిలబడ్డారు. మూడు రోజులు ప్రశ్నలు, చర్చ. ఆ తర్వాత వారం రోజుల పాటు సెక్యూర్‌పోల్ అనే ఏర్పాటులో రహస్య ఓటింగు. తటస్థ ఓట్లు పక్కన పెట్టి, మిగిలినవాటిలో 70 శాతం మద్దతు రావాలి. 32 మంది నిలబడితే 11 మంది గెలిచారు. 2021లో ఏడాది మొత్తం మీద వచ్చినవాళ్ల కంటే ఎక్కువ మంది ఒక్క విడతలోనే వచ్చారన్నమాట. ప్రయోగం నచ్చి ఆ పద్ధతిని ఖాయం చేసుకున్నారు. పాత చర్చా పద్ధతి కూడా పక్కనే ఉంది. ఏది కావాలో అభ్యర్థి ఇష్టం.

గెలిచినవాళ్ల సంఖ్య కంటే నిలబడినవాళ్ల సంఖ్య నాకు ముఖ్యంగా తోస్తుంది. ఏళ్లుగా ముందుకు రాని మనుషులు ముప్పై మందికి పైగా ఒక్కసారిగా వచ్చారంటే వాళ్లను ఆపింది ఏమిటో తేలిపోయింది.

లోటు లేకపోలేదు. ఓడినవాళ్లకు ఎందుకు ఓడారో తెలియదు. మూడు రోజుల్లో 32 మంది పాత పనిని చదివి చూసే ఓపిక ఎవరికుంటుంది? తెలిసిన పేరుకు మద్దతు, తెలియని పేరుకు వ్యతిరేకం. కొంత మేర అలాగే జరుగుతుంది.

రహస్యమా, బహిరంగమా అన్న తగువు వికీలకే పరిమితం కాదు. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే స్వచ్ఛంద సముదాయం ఏటా తన నాయకుణ్ణి రహస్య ఓటుతోనే ఎన్నుకుంటుంది. తీర్మానాల మీద ఎవరు ఎటు ఓటేశారో మాత్రం పేర్లతో ప్రకటించేవాళ్లు. 2021లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ విషయంలో సముదాయం ప్రకటన చేయాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు, తమ ఓటు చూసి బయటివాళ్లు వేధిస్తారేమోనని చాలామంది భయపడ్డారు. మరుసటి ఏడాది మరో తీర్మానంతో ఆ ఓట్ల మీద కూడా పేర్లు దాచేశారు. మన దగ్గర తిరుగు ప్రయాణం జరిగింది. 2003 నుంచి రాజ్యసభ ఎన్నికల్లో ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలి. క్రాస్ ఓటింగును అడ్డుకోవడానికి తెచ్చిన నియమం అది. ఓటు కనిపిస్తే దాని మీద ఒత్తిడి పెట్టేవాళ్లు ఉంటారని రెండు చోట్లా తెలుసు. ఒక చోట ఆ ఒత్తిడి వద్దనుకున్నారు, ఇంకో చోట కావాలనుకున్నారు.

మరి మొహమాటం ఎక్కువున్న చిన్న వికీకి రహస్య ఓటే సరైన మందు కదా? కాగితం మీద అవును. ఆచరణలో సెక్యూర్‌పోల్ పెట్టాలంటే వికీలను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ సాయం కావాలి, దొంగ ఖాతాలను పట్టుకోవడానికి బయటి పరిశీలకులు కావాలి. అవన్నీ కుదిరినా, పన్నెండు మంది ఓటేసే చోట రహస్యం ఏపాటిది? పదకొండు అనుకూలం, ఒకటి వ్యతిరేకం అని ఫలితం వస్తే ఆ ఒక్కరెవరని నెలరోజులు ఆరా తీస్తారు. తప్పు చేయనివాడి మీద కూడా అనుమానం పడుతుంది.

గడువు

పై రెండు పద్ధతుల్లో దేనితో ఎన్నికైనా, చాలా వికీల్లో నిర్వాహక హోదా దాదాపు జీవితకాలం. మరీ రెండేళ్ల పాటు ఒక్క దిద్దుబాటూ, ఒక్క నిర్వాహక చర్యా చేయకపోతే తీసేసే అంతర్జాతీయ సమీక్ష ఒకటుంది, అంతే. చురుగ్గా ఉంటూ తప్పులు చేసేవాళ్లకు అది తగలదు.

ఎన్నికలో అంత గింజులాట ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఇరవై ఏళ్లకు అధికారం ఇస్తున్నామంటే ఎవరైనా పాత దిద్దుబాట్లన్నీ తవ్వుతారు. రెండేళ్లకే ఇస్తున్నామంటే అంత పట్టు పట్టరు.

దించే దారి లేకపోతే ఏమవుతుందో క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. 2011 నుంచి 2020 దాకా అక్కడ ఒక చిన్న నిర్వాహక బృందం వికీని గుప్పిట్లో పెట్టుకుని, తీవ్ర జాతీయవాద ధోరణిలో చరిత్ర వ్యాసాలను మార్చుకుంటూ పోయింది. ఎదురు చెప్పినవాళ్లను నిరోధించారు. దొంగ ఖాతాలూ నడిచాయి. 2021లో ఫౌండేషన్ ప్రచురించిన నివేదికలో ఇదంతా ఉంది. దించాలంటే ఓటు కావాలి, ఓటేయాల్సినవాళ్లను నిరోధించే మీట ఆ నిర్వాహకుల చేతిలోనే ఉంది. అలాంటి చోట ఓటు రహస్యమైనా బహిరంగమైనా ఒరిగేదేముంది?

దించడానికి రెండు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి జర్మన్ వికీపీడియాది. 2009 నుంచి అక్కడ నెలలో 25 మంది గానీ, ఆరు నెలల్లో 50 మంది గానీ అడిగితే నిర్వాహకుడు మళ్లీ ఎన్నికకు నిలబడాలి. ఇంగ్లీషు వికీ 2024లో ఇలాంటిదే తెచ్చింది: నెల రోజుల్లో 25 సంతకాలు పడితే మళ్లీ పరీక్ష, కాకపోతే గెలవడానికి కొత్తవారికంటే తక్కువ శాతం చాలు. ఈ సడలింపు నాకు నచ్చింది. గొడవలు తీర్చేవాడికి శత్రువులు పోగవుతారు, నాలుగేళ్లు పనిచేసినవాడి నుంచి కొత్త పెళ్లికొడుక్కి ఉండేంత ఆదరణ ఆశించకూడదు.

పెద్ద వికీకి ఇది సరిపోతుంది. చిన్న వికీలో 25 సంతకాలంటే చురుకైన వాడుకరులందరి కంటే ఎక్కువ కావచ్చు. సంఖ్య తగ్గించి ఐదు చేశారనుకోండి, ఆ ఐదుగురూ ‘మేం నిన్ను దించాలనుకుంటున్నాం’ అని పేరుపేరునా రాయాలి. మళ్లీ మొహమాటమే. ఈసారి ఇంకా గట్టిగా.

రెండోది స్వీడిష్ వికీపీడియాది. అక్కడ నిర్వాహక హోదా ఏడాదికే. గడువు దగ్గర పడినవాళ్లను విడతలవారీగా మళ్లీ ఓటుకు పెడతారు. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు, వేలెత్తి చూపనక్కర్లేదు. తారీఖు వస్తే ఓటు వస్తుంది. ఎవరైనా అలసిపోయి ఉంటే ‘ఈసారి నిలబడను’ అని గౌరవంగా తప్పుకోవచ్చు. అన్ని వికీల మీదా అధికారం ఉన్న స్టీవార్డులకు కూడా ఏటా ఫిబ్రవరిలో ఇలాంటి సమీక్షే జరుగుతుంది. వికీల ఛాయలకే పోని హైవ్ అనే బ్లాక్‌చెయిన్ (డిజిటల్ నాణేల) సముదాయం కూడా ఇలాంటి చోటికే వచ్చింది. అక్కడ నాణేలను బట్టే ఓటు బలం. 2020లో దాని మాతృక స్టీమ్‌లో నాణేలు కొని అమ్మిపెట్టే కొన్ని ఎక్స్‌ఛేంజీలు తమ ఖాతాదారుల నాణేలతో ఓటేసి నాయకత్వాన్ని మార్చేశాక, అందులోంచి చీలి వచ్చిన సముదాయం ఇది. కొత్తగా పెట్టిన నాణేలకు నెల రోజుల దాకా ఓటు బలం రాకుండా చేసుకున్నారు. తర్వాత, ఏడాది పాటు తిరిగి చూడని ఓట్లు వాటంతటవే చెల్లిపోయేలా మార్చుకున్నారు. నాణెం ఉన్నవాడికే ఓటు అనే పద్ధతి నాకు సుతరామూ నచ్చదు గానీ, ఆ చివరి నియమం మాత్రం అరువు తెచ్చుకోదగ్గది.

గడువు మీద వచ్చే అభ్యంతరం ఒక్కటే: ఏడాది పొడుగునా ఓట్లేనా, వ్యాసాలు రాసేదెప్పుడు? న్యాయమైన ప్రశ్న. చిన్న సముదాయానికి ఏడాది మరీ దగ్గర, రెండేళ్లు సరిపోతుంది.

ఏ వికీకి ఏది

వందల మంది ఓటేసే వికీకి నేను రహస్య ఓటు, దానికి తోడు సంతకాలతో దించే హక్కు చెబుతాను. ఒకేసారి నలుగురైదుగురిని కమిటీకి ఎన్నుకోవాల్సి వస్తే ప్రాధాన్య క్రమంలో ఓటేయడం మేలు. ఫౌండేషన్ ధర్మకర్తల మండలి ఎన్నిక 2021లో ఆ దారికే మారింది. పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపు రోజుల తరబడి సాగడం చూసినవాళ్లు భయపడనక్కర్లేదు, ఇక్కడ లెక్క కంప్యూటరే చూసుకుంటుంది.

2003 డిసెంబరులో మొదలై, ఇప్పటికీ రచ్చబండ అనే పేజీలోనే అన్నీ మాట్లాడుకునే తెలుగు వికీ లాంటిదానికి బహిరంగ చర్చనే ఉంచి రెండేళ్ల గడువు పెట్టడం మేలు. రహస్య ఓటు సాంకేతిక ఏర్పాట్ల కోసం ఖర్చయ్యే శక్తిలో పదో వంతు కూడా దీనికి అక్కర్లేదు. ఇది కొత్త విషయమూ కాదు. సముదాయం మరీ చిన్నదైన వికీలకు స్టీవార్డులు ఇప్పటికే మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో తాత్కాలిక హోదా ఇస్తున్నారు. తారీఖు దాటగానే అది దానంతటదే పోతుంది. వికీ కాస్త ఎదిగాక శాశ్వత హోదా ఇస్తారు, దాన్ని మనం ఎదుగుదల కింద జమ కడతాం. ఆ తారీఖును అలాగే ఉంచేసుకుంటే సరిపోయేది.

ఇప్పుడున్న నిర్వాహకులందరినీ ఒకే నెలలో ఓటుకు పెడితే మాత్రం అది తిరుగుబాటులా కనిపిస్తుంది. అందరికంటే ముందు హోదా పొందినవాళ్లతో మొదలుపెట్టి, మూడు నెలలకు ఇద్దరు చొప్పున పోవాలి. కొనసాగడానికి సగానికి పైగా మద్దతు చాలు. నిలబడనన్నవాళ్లు ఏడాదిలోపు మనసు మార్చుకుంటే, మళ్లీ ఓటు లేకుండానే తిరిగి రానివ్వాలి.