అక్వేరియం ఇల్లు మారేటప్పుడు పైపులు: కోసి అతకడమా, యూనియనా, హోస్ గొట్టమా?

పాలకొల్లులో సంప్‌తో, అంటే ఫిల్టరు, పంపు ఉండే కింది తొట్టితో నడుస్తున్న నాలుగడుగుల అక్వేరియాన్ని చించినాడ వంతెన దాటించి రాజోలులోని అద్దె ఇంటికి చేర్చాలనుకుందాం. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టి నిండితే 243 లీటర్ల నీరు పడుతుంది, అంటే ఒక్క నీటి బరువే 243 కిలోలు. కనుక నీరంతా తోడివేసి, చేపలను వేరుగా తీసుకువెళ్ళడంలో తర్జనభర్జన అక్కరలేదు. ఆలోచించవలసింది తొట్టికీ సంప్‌కూ మధ్యనున్న పైపుల గురించే. వాటిని కోసి కొత్తచోట కప్లింగ్‌తో (రెండు పైపు ముక్కలను కలిపే చిన్న గొట్టంతో) అతికించవచ్చు, యూనియన్లు (మరలు తిప్పి విప్పదగిన జాయింట్లు) వేసి విప్పి బిగించవచ్చు, లేదా గట్టి పైపును వదిలి హోస్ గొట్టానికి మారవచ్చు.

వీటిలో ఏది మేలో తేల్చేది ఖర్చు కాదు, ఫిల్టరు ఎంతసేపు ఆగి ఉంటుందన్నదే. ఫిల్టరులోని స్పాంజిల మీద, సిరామిక్ రింగుల మీద పెరిగే బాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను మొదట నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. ఆ పని చేయడానికీ బతకడానికీ దానికి ప్రాణవాయువు కావాలి. నీరు కదలక మూతపెట్టిన డబ్బాలో ఉండిపోతే క్రమంగా చనిపోతుంది. అందుకే రింగులను నీరు వంపేసి, తడి ఆరకుండా, గాలి తగిలేలా తీసుకువెళ్ళాలి. చేరిన వెంటనే నీటి ప్రవాహాన్ని పునరుద్ధరించాలి.

కోసి అతికే పద్ధతి ఇక్కడే వెనుకబడుతుంది. పీవీసీ సొల్యూషన్ పైపు ఉపరితలాన్ని కరిగించి రెండు ముక్కలను ఒకటిగా చేస్తుంది కాబట్టి అతుకు పూర్తిగా పొడిగా ఉండాలి, నీరు పెట్టే ముందు ఒక రోజు ఆరనివ్వడం క్షేమం, వానాకాలపు తేమలో ఇంకా ఆలస్యమవుతుంది. పైగా కోసిన ప్రతిసారీ పైపు పొట్టి అవుతుంది. తొట్టి అద్దం రంధ్రంలో బిగించి పైపును కలిపే ట్యాంక్ నిపుల్ దగ్గర కప్లింగ్‌లోకి దిగేంత ముక్క మిగలకపోతే ఆ నిపుల్‌నే మార్చవలసి వస్తుంది. అద్దం రంధ్రం దగ్గర పాత నిపుల్‌ను బలవంతంగా తిప్పడం ప్రమాదకరం.

కొలతల తేడా అంతకంటే ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. రొయ్యల చెరువులు, వరి చేలు ఉన్న మన డెల్టాలో పీవీసీ పైపు దొరకని ఊరు అరుదు, కానీ వ్యవసాయానికి అమ్మే పైపు మిల్లీమీటర్ల లెక్కది, ఇళ్ళ ప్లంబింగ్ పైపు అంగుళాల లెక్కది. మొదటి రకంలో వెలుపలి వ్యాసం 32 మిల్లీమీటర్లయితే, రెండో రకంలో అంగుళం పైపుది 33.4 మిల్లీమీటర్లు. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటేలా కనిపిస్తాయి. ఒకదాని కప్లింగ్‌లో మరొకటి వదులుగా కూర్చుంటుంది, లేదా అసలు దిగదు. పాత పైపు ముక్కను దుకాణానికి తీసుకువెళ్ళి, అక్కడే దూర్చి చూసి కొనడం మంచిది.

యూనియన్‌కు ఈ అవస్థ ఒక్కసారే, దాన్ని మొదట అతికించే రోజున. ఆ పని తరలింపుకు కొన్ని రోజుల ముందే ముగిస్తే, కొత్త ఇంట్లో చేత్తో తిప్పి బిగించడమే మిగులుతుంది. నీరు కారకుండా ఆపేది లోపలి రబ్బరు చుట్టు, అంటే ఓ-రింగే కాబట్టి యూనియన్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టనక్కరలేదు. రింగును తుడిచి, ఇసుక రేణువు లేకుండా చూసి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. వాజలిన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది గనుక వాడకపోవడమే మేలు. యూనియన్‌కు తొట్టి వైపు బాల్ వాల్వ్ ఉంటే విప్పినప్పుడు తొట్టిలోని నీరు గదిలోకి రాదు.

అయితే యూనియన్‌కు ఒక లోపముంది. కొత్త గదిలో నేల వాలు మారి, స్టాండ్ కింద చెక్కలు పెట్టి మట్టం చేసేసరికి తొట్టికీ సంప్‌కూ మధ్య దూరం కొద్దిగా మారుతుంది. గట్టి పైపు ఆ తేడాను సర్దుకోదు, బలవంతంగా లాగి బిగిస్తే ఆ ఒత్తిడి నిపుల్ మీద, అద్దం మీద పడుతుంది. హోస్ గొట్టం ఆ తేడాను సులువుగా భరిస్తుంది. కానీ పదునైన మలుపులో అది నలిగి ప్రవాహాన్ని ఆపుతుంది, పాతబడి గట్టిపడితే అంచు చీలుతుంది, సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు మామూలు ఇనుప క్లిప్పులు తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ క్లిప్పులు కొని, గొట్టం చివర గట్టిపడిన ముక్కను కోసేసి, వేడి నీటిలో ముంచి మెత్తబరచి ఎక్కించాలి.

నా ఎంపిక ఇది: నీరు దిగే పైపుకు తొట్టి దగ్గర ఒకటి, సంప్ దగ్గర ఒకటి యూనియన్లు, పంపుకూ పైకి వెళ్ళే పైపుకూ మధ్య జానెడు హోస్. ఆ ముక్క మట్టం తేడాను సర్దుకుంటుంది, పంపు కంపనాన్ని అద్దం దాకా వెళ్ళనివ్వదు. సంప్ లేకుండా క్యానిస్టర్ ఫిల్టరు (తొట్టి బయట పెట్టే మూత ఉన్న డబ్బా ఫిల్టరు) మాత్రమే ఉన్నవారికి హోస్ ఒక్కటే చాలు. సొంత ఇంట్లో గోడకు ఆనించి ఇక కదపని తొట్టికైతే అతికించిన పైపే నిక్షేపంగా ఉంటుంది, విప్పే జాయింట్లు ఎంత తక్కువైతే కారే చోట్లు అంత తక్కువ.