శుక్రవారం అమరావతి, మంగళవారం పెడన

"మీ వయసుకి గుడి చూపిస్తే చాలదా అమ్మా? మ్యూజియం చూసి ఇప్పుడేం పరీక్ష రాస్తారు?"

2025 మే 16న మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి, అమరావతి మ్యూజియం గేటు ముందు నిలబడి ట్రావెల్స్ కుర్రాడు నన్ను అడిగిన మాట ఇది. గేటుకి తాళం వేసి ఉంది. పక్కన బోర్డు మీద శుక్రవారం సెలవు అని రాసి ఉంది. పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియాలు శుక్రవారం మూసి ఉంటాయన్న సంగతి కొత్తదేమీ కాదు. మమ్మల్ని తీసుకెళ్లి చూపిస్తామని మనిషికి రూ. 2,600 తీసుకున్న వాళ్లకి అది తెలియదంటే ఎలా నమ్మాలి?

నేను 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మావారు విద్యుత్ శాఖలో చేశారు, ఆయనకి 70, రెండు మోకాళ్లూ నొప్పే. మాతో వచ్చిన మా వదిన, అంటే మావారి అక్క, డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. ఆవిడకి 74. పిల్లలు దూరాల్లో ఉన్నారు. వేసవి మూడు నెలలూ ఫ్యాను కింద సీరియళ్లు చూస్తూ కూర్చోవడం ముగ్గురికీ ఇష్టం లేదు. అందుకే "అరవై దాటిన వారికి ఒక్కరోజు విజ్ఞాన యాత్ర" అన్న కరపత్రం చూడగానే ముగ్గురికీ కలిపి రూ. 7,800 కట్టేశాను. అందులో ఏమేం రాశారో చెప్తాను: ఉదయం ఆరున్నరకి బయలుదేరడం, ఏసీ టెంపో, ఉండవల్లి గుహలు, అమరావతి మ్యూజియంలో చరిత్ర అధ్యాపకుడితో రెండు గంటల పాఠం, భోజనం, సాయంత్రం నాలుగుకల్లా ఇల్లు.

జరిగింది వేరు. బండి వచ్చేసరికి ఎనిమిదీ నలభై. మెట్టు ఎంత ఎత్తుగా ఉందంటే మావారిని కింద నుంచి నేను తోస్తే పైనుంచి ఇంకొకాయన చెయ్యి పట్టి లాగారు. పెద్దవాళ్ల యాత్ర అని పేరు పెట్టుకున్నప్పుడు ఒక చిన్న పీట బండిలో పెట్టుకోలేరా? ఏసీ ముందు రెండు వరసలకే తగిలింది. వెనక కూర్చున్న మా వదిన కరపత్రంతోనే విసురుకుంటూ వచ్చారు.

ఉండవల్లి చేరేసరికి పది దాటింది. టికెట్ రూ. 25. ఇది కూడా ప్యాకేజీలో లేదట, మా చేత్తో మేమే కట్టాం. నాలుగు అంతస్తుల్లో కొండని తొలిచిన గుహాలయం అది. పైనున్న ఒక అంతస్తులో అనంతపద్మనాభుడు ఒకే రాతిలో పవళించి ఉంటాడు. మావారు మెట్లు ఎక్కలేక కింద చెట్టు నీడన ఉండిపోయారు. మేమిద్దరం ఎక్కాం. లోపల చల్లగా ఉంది, కాస్త సేపు ఉండాలనిపించింది. ఇరవై నిమిషాలకే కింద నుంచి విజిల్ వేశారు. నిజంగానే విజిల్. బళ్లో పిల్లల్ని నేను కూడా అలా పిలవలేదు.

అమరావతిలో తాళం చూశాక, "పోనీ స్తూపం చూడండి" అని పక్కనే ఉన్న మహాచైత్యం దగ్గరికి నడిపించారు. ఇప్పుడక్కడ మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని నిలువు పలకలు. కథ తెలిసిన మనిషి పక్కన ఉంటే ఆ దిబ్బ దగ్గరే గంట గడపొచ్చు. అధ్యాపకుడని వాళ్లు తెచ్చిన అబ్బాయి ఫోన్లో చూసి చదువుతున్నాడు. మా వదిన గొడుగు కింద నుంచి ఒక్క ప్రశ్నే అడిగారు: "ఇక్కడి రాళ్లు మద్రాసుకీ లండన్‌కీ ఎలా వెళ్లాయి బాబూ?" ఆ అబ్బాయి ఫోను పైకీ కిందకీ జరిపి, "దండయాత్రల్లోనండీ" అన్నాడు.

అక్కడ నాకు ఆగలేదు. ఆ ఎండలోనే నేను చెప్పాను. ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టుకుంటూ దిబ్బలో రాయి తవ్వించారు. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు, తర్వాత కల్నల్ అయిన మెకంజీ వచ్చి ఆ శిల్పాలు చూశాడు, తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసు చేర్చాడు. వాటిలో కొన్ని ఇవాళ ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏడెనిమిది మంది చుట్టూ చేరి విన్నారు. ఒకాయన నోట్ చేసుకున్నారు కూడా. అప్పుడే ఆ ట్రావెల్స్ కుర్రాడు "ఎండగా ఉంది, పదండి పదండి" అని కేకలు. తిరిగి మ్యూజియం గేటు ముందుకి వచ్చాక నేను సెలవు సంగతి నిలదీశాను. పైన రాసిన మాట అప్పుడన్నది. అతనికి పాతికేళ్లు ఉంటాయేమో. కోపం కంటే బాధే ఎక్కువ వేసింది. మాకు కాలక్షేపం తప్ప ఇంకేమీ అక్కర్లేదని ఎవరు చెప్పారు అతనికి?

భోజనం గురించి ఎక్కువ రాయను. గోడ మీద రూ. 120 అని రాసి ఉన్న మీల్స్, పప్పు నీళ్లు, రెండోసారి కూర అడిగితే లేదన్నారు. తిరుగు దారిలో ఒక చీరల షాపు దగ్గర 50 నిమిషాలు ఆపారు. మావారు ఇంటికొచ్చే దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే అది పెద్ద విషయమే.

మర్నాడు డబ్బు వెనక్కి అడిగితే "వచ్చే ట్రిప్పుకి మూడొందలు తగ్గిస్తాం" అన్నారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, కరపత్రం ఫోటో, రసీదు, ఆ తాళం ఫోటో పంపాను. 11 రోజులకి మనిషికి రూ. 500 చొప్పున వెనక్కి వచ్చింది. పెద్ద మొత్తం కాదు గానీ అడగబట్టి వచ్చింది. మీరూ కరపత్రాలు పారేయకండి.

ఆ తర్వాత ఏజెన్సీల జోలికి వెళ్లలేదు, మేమే బయలుదేరాం. కొండపల్లికి ఆటోలో పోను రాను రూ. 700. బొమ్మల కాలనీలో తెల్ల పొణికి కర్రని చెక్కి, ముక్కలకి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి అతకడం చూశాం. మావారు ఒక అంబారీ ఏనుగు రూ. 650కి కొన్నారు. అక్కడ బేరం ఆడకండి. ఆ ఏనుగుకి ఎన్నిసార్లు రంగు వేశారో కళ్లారా చూశాక బేరమాడటానికి నోరు రాదు.

ఇంక పెడన. ఈ వేసవిలో నాకు మిగిలిన రోజు అదే.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి అత్తగారి ఊరు పెడన. ఆ అమ్మాయి చెప్పిన కలంకారీ షెడ్డుకి ముందు రోజు ఫోన్ చేశాం. "పొద్దున్నే రండమ్మా, తొమ్మిది దాటితే రేకుల కింద మీరు ఉండలేరు" అన్నారు షెడ్డు ఆయన. ఆ ఒక్క మాటతోనే సగం టెన్షన్ పోయింది. మా సంగతి ఆలోచించిన మొదటి మనిషి ఆయన. మంగళవారం ఐదుంపావుకి విజయవాడ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆర్టీసీలో అరవై దాటిన వాళ్లకి పాతిక శాతం రాయితీ ఉంది, ఆధార్ చూపిస్తే చాలు. రాయితీ పోను మనిషికి రూ. 90 పడింది. (రైల్లో మన రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంకా ఇవ్వలేదు. ఆ కష్టం ఇంకెప్పుడైనా రాస్తాను.) బందరులో, అంటే మచిలీపట్నంలో, ఇడ్లీ, కాఫీ ముగ్గురికీ రూ. 210. అక్కడి నుంచి ఆటోకి రూ. 250. ఎనిమిదింపావుకి షెడ్డులో ఉన్నాం.

వెళ్లగానే ముగ్గురికీ మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మజ్జిగ ఇచ్చారు. బాత్రూమ్ ఎటో అడగకుండానే చూపించారు. ఇవి చిన్న విషయాలని అనుకునే వాళ్లు మా వయసుకి వచ్చాక అర్థం చేసుకుంటారు.

షెడ్డు ఆయనకి యాభై ఏళ్లుంటాయి. గోళ్ల సందుల్లో నలుపు. గోనెలు పరిచిన పొడుగు బల్ల మీద కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ, లేత పసుపు రంగులో ఉంది. టేకు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దారు. తీసేసరికి నల్లటి లత. రెండో అచ్చు దాని పక్కనే, ఎక్కడా అతుకు కనిపించకుండా. కొలిచింది లేదు, గీత గీసింది లేదు. ఆ నలుపు ఎలా వస్తుందని అడిగితే మూలనున్న కుండ మూత తీశారు. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు. రోజుల తరబడి పులిసిన వాసన గుప్పుమంది. మావారు రెండడుగులు వెనక్కి వేశారు. మా వదిన రెండడుగులు ముందుకి వేశారు.

అక్కడి నుంచి ఆవిడ వేరే మనిషి. అమరావతిలో ముఖం ముడుచుకుని కూర్చున్న ఆవిడేనా అనిపించింది. "కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, ఇనుము తగలగానే నల్లబడుతుంది. పూర్వం సిరా కూడా ఇట్లాగే చేసేవాళ్లు" అని నాకు చెప్పి, ఆయన వైపు తిరిగి, "మరి ఎరుపుకి పటిక వాడతారా?" అన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. "పటిక లేకపోతే ఎరుపు పట్టదమ్మా. గుడ్డకీ రంగుకీ మధ్యవర్తి అదే" అన్నారు. ఒకావిడ పుస్తకాల్లో చదివి చెప్పింది, ఒకాయన చేతులతో చేసి తెలుసుకున్నది ఒకటే విషయం. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేనూ మావారూ వింటూ కూర్చున్నాం.

పటికతో అద్దిన చోట గుడ్డ మీద పెద్దగా ఏమీ కనపడదు. దాన్ని కాలవలో పారే నీళ్లలో జాడించి తెస్తారు. తర్వాత కట్టెల పొయ్యి మీద పెద్ద రాగి కాగులో వేర్లు, జాజి ఆకు వేసి మరిగించిన నీళ్లలోకి దించి కర్రతో తిప్పుతారు. మేం కాగు పక్కనే నిలబడ్డాం. మొదట గుడ్డంతా ఒకే గోధుమ రంగు. తిప్పుతుంటే, మడతల్లో ముందు ఒక పువ్వు రేక, తర్వాత ఇంకోటి, ఎర్రగా తేలుతూ వచ్చాయి. పటిక తగలని చోట ఆ ఎరుపు నిలవదు, తర్వాత ఉతుకుళ్లలో, ఎండలో పోతుందట. "మొర్డెంట్ డైయింగ్, అంటే ఇట్లా మధ్యవర్తితో రంగు పట్టించడం అని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను, ఇవాళ చూశాను" అన్నారు వదిన. ఆవిడ కళ్లజోడంతా ఆవిరి పట్టేసింది. తుడుచుకోలేదు.

నా సంగతీ అంతే. 1611లో ఇంగ్లీషు వాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారని ఏటా పిల్లల చేత బట్టీ పట్టించాను. దేని కోసం వచ్చారంటే బట్టల కోసం అని చెప్పి ముందుకెళ్లిపోయేదాన్ని. ఆ బట్ట ఇదేనని, దాని వెనక కాలవ నీళ్లూ కరక్కాయా ఇన్ని చేతులూ ఉన్నాయని ఏ ఒక్క ఏడాదీ పిల్లలకి చూపించలేదు. బస్సులో గంటన్నర, రెండు గంటల దూరం. తీసుకెళ్లొచ్చుగా!

ముగ్గురం మూడు రుమాళ్ల మీద అచ్చులు వేశాం, ఒక్కోదానికి రూ. 100. మావారి లత వంకర పోయింది, నాది ఫరవాలేదు. నేర్పినందుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. రూ. 1,450 పెట్టి ఒక దుప్పటి కొన్నాం. పెడనలో స్క్రీన్ ప్రింటు సరుకూ చాలానే దొరుకుతుంది, ధర తక్కువ. పువ్వులన్నీ ఏ తేడా లేకుండా ఒకేలా ఉంటే అనుమానించండి. నిజంగా అచ్చు గుద్దిన దాంట్లో ఒక పువ్వు కాస్త గాఢంగా, ఇంకోటి కాస్త పల్చగా ఉంటుంది.

పదిన్నరకల్లా బయటపడి బందరులో అరకిలో తొక్కుడు లడ్డు రూ. 230కి కొనుక్కున్నాం. శనగపిండి కారప్పూసలా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ దంచుతారు కనక పళ్లు లేని వాళ్లకీ ఇబ్బంది ఉండదు. దుప్పటి, లడ్డు కాకుండా, బస్సు, ఆటో, టిఫిను, రుమాళ్లు అన్నీ కలిపి ముగ్గురికీ అయింది రూ. 1,550. ఆ అమరావతి ప్యాకేజీలో ఒక్క మనిషి ఖర్చు కూడా కాదు.

ఘంటసాల స్తూపం, కూచిపూడి ఇంకో రోజు కారులో చూశాం. రూ. 3,200, ఏ ఇబ్బందీ లేదు.

వెళ్లాలనుకునే వాళ్లకి నా మాట: మే నెలలో పదకొండు తర్వాత ఆరుబయట ఏదీ పెట్టుకోకండి. వెళ్లే చోటికి ముందు రోజు ఫోన్ చేసి సెలవు రోజు కనుక్కోండి. ప్యాకేజీ తీసుకుంటే టికెట్లు ఎవరివి, పాఠం చెప్పేది ఎవరు, మెట్లెన్ని, బాత్రూమ్ ఎక్కడ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కున్నారంటే అక్కడే వదిలేయండి.

జూన్ మొదటి బుధవారం మళ్లీ అమరావతి వెళ్లాం, ఆర్టీసీలోనే. పది గంటలకి మ్యూజియం తీసేసరికి గేటు ముందు ఉన్నాం. లోపల మహాచైత్యం నమూనా దగ్గర, ఆ రోజు ఎండలో చూసిన దిబ్బ ఒకప్పుడు ఎట్లా ఉండేదో మావారికి చూపించి చెప్పాను. కాపలా ఆయన ఒక కుర్చీ తెచ్చి ఇచ్చారు. మా వదిన మాత్రం కూర్చోలేదు. పాలరాయిలా కనిపించే ఆ పలకలు పల్నాటి సున్నపురాయి అని తెలిసినప్పటి నుంచి ఒక పద్మం ముందు నిలబడి రేకులు లెక్కపెడుతున్నారు. మూడు వరసలు లెక్కయ్యాక ఎక్కడో తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పన్నెండున్నర బస్సు పోయింది. తర్వాతది ఒకటీ పదికి.