450 హెలీలో రెస్క్యూ స్విచ్: చాలాకాలం వాడాక

రిమోట్‌తో ఎగరేసే మోడల్ హెలికాప్టర్లలో (హెలీ) నిలకడను చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బాలైన ఫ్లైబార్‌లెస్ యూనిట్ల గురించి ఎవరు రాసినా టెయిల్ ఎంత గట్టిగా నిలుస్తుందో, పిరుయెట్ (ఉన్నచోటే గిర్రున తిరగడం) ఎంత నున్నగా వస్తుందో చెబుతారు. టెయిల్-ఇన్ హోవర్ (తోక మనవైపు ఉంచి గాలిలో నిలపడం) వచ్చి, నోజ్-ఇన్ (ముక్కు మనవైపు) దగ్గర ఆగిపోయిన మనిషికి వాటితో పనిలేదు. హెలీ ఎటు వాలిందో అర్థం కాని ఆ అర సెకనులో వేలికి అందే స్విచ్ కావాలి. ఈ సమీక్ష రెస్క్యూ అనే ఆ ఒక్క స్విచ్ గురించే. యూనిట్ ఏ కంపెనీదో రాయడం లేదు. కింద చెప్పిన మంచీ చెడూ రెస్క్యూ ఉన్న చాలా యూనిట్లకు వర్తిస్తాయి. వాడింది టార్క్ ట్యూబ్ (తోక రోటర్‌ను తిప్పే పొడవాటి గొట్టం) ఉన్న 450 మెషిన్ మీద: 325 మి.మీ. బ్లేడ్లు, 3ఎస్ 2200 ప్యాక్ (మూడు సెల్‌ల బ్యాటరీ), 13 పళ్ల పినియన్ (మోటార్ గేర్), 150 పళ్ల మెయిన్ గేర్, హెడ్ స్పీడ్ (మెయిన్ రోటర్ వేగం) నిమిషానికి 2800 చుట్ల దగ్గర.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. స్విచ్ నొక్కగానే యూనిట్ తన జైరో, యాక్సెలరోమీటర్ లెక్క ప్రకారం హెలీని దగ్గరి దారిలో మట్టానికి తెచ్చి, పిచ్ (బ్లేడ్ల కోణం) ఇచ్చి పైకి లేపుతుంది. ముక్కు ఎటు తిరిగి ఉందన్నది దానికి అనవసరం. మనల్ని ముంచేది సరిగ్గా అదే. ముక్కు మనవైపు ఉన్నప్పుడు కుడికి తోస్తే హెలీ మన ఎడమకు పోతుంది, దిద్దబోయి ఇంకా తోస్తాం, రెండో తోపుకే అది నేలకు వస్తుంది. 450 సైజులో మామూలు క్రాష్ అంటే ఒక జత బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ గేర్, చాలాసార్లు టెయిల్ బూమ్, ఒకటో రెండో సర్వోల (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్ల) గేర్లు. మన దగ్గర డబ్బు కంటే ఎదురుచూపే పెద్ద ఖర్చు. 2022 ఫిబ్రవరిలో పూర్తి డ్రోన్ల దిగుమతిని ఆపేశాక విడి భాగాలకు అడ్డు లేదన్నారు గానీ, పార్సిల్ విప్పే ఉద్యోగికి రోటర్ హెడ్‌కూ డ్రోన్‌కూ తేడా తెలియాలని రూలేమీ లేదు. అందుకని ఒక్క క్రాష్ తప్పినా యూనిట్‌కు పెట్టిన అదనపు డబ్బు వచ్చేసినట్టే.

అయితే డబ్బాలోంచి తీసి బిగించినంత మాత్రాన ఇది కాపాడదు.

మొదటిది థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే మోటార్‌కు ఎంత శక్తి అన్న లెక్క). నార్మల్ మోడ్‌లో 0-40-60-80-100 లాంటి కర్వ్ పెట్టుకుని ఎగిరేవాళ్లకు రెస్క్యూ ఉన్నా లేనట్టే. కంగారులో ఎడమ స్టిక్ కిందికి లాగేస్తాం (థ్రాటిల్ ఎడమ స్టిక్ మీద ఉండే మోడ్ 2 రిమోట్ సంగతి), మోటార్ నీరసిస్తుంది, అప్పుడు రెస్క్యూ ఎంత పిచ్ అడిగినా రోటర్‌లో దమ్ముండదు. ఐడిల్-అప్‌లో (స్టిక్ కిందికి లాగినా మోటార్ వేగం తగ్గని మోడ్) ఫ్లాట్ కర్వ్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) గవర్నర్ ఆన్ చేసి ఉంటేనే ఈ స్విచ్‌కు అర్థం. నార్మల్ మోడ్ స్పూల్-అప్‌కు (రోటర్ వేగం అందుకోవడానికి) తప్ప వాడకూడదు.

రెండోది రెస్క్యూ పిచ్. ఉన్న 12 డిగ్రీలూ ఇచ్చేద్దామనిపిస్తుంది, కానీ 3ఎస్ ప్యాక్ అంత మోయలేదు. హెడ్ స్పీడ్ పడిపోతుంది, దానితో పాటే టెయిల్ పట్టు జారి హెలీ గిర్రున తిరుగుతుంది. 8, 9 డిగ్రీల మధ్య పెట్టి, నిండు ప్యాక్ మీద కాకుండా సెల్‌కు 3.75 వోల్టుల దగ్గరికి దిగిన ప్యాక్ మీద పరీక్షించాలి. చివరి నిమిషంలో లేపగలిగితే మొదటి నిమిషంలో ఎలాగూ లేపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పలచబడుతుంది కాబట్టి డిసెంబరులో సరిపోయిన పిచ్ అప్పుడు చాలకపోవచ్చు. ఒక అర డిగ్రీ పెంచి, టెయిల్ నిలుస్తుందో లేదో మళ్లీ చూడాలి.

మూడోది చాలామందికి క్రాష్ అయ్యాకే తెలుస్తుంది. స్విచ్ వదిలిన మరుక్షణం పిచ్ మన ఎడమ స్టిక్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఐడిల్-అప్‌లో స్టిక్ అడుగున ఉందంటే అది నెగటివ్ పిచ్. చక్కగా మట్టానికి వచ్చి ఎనిమిది మీటర్ల ఎత్తులో నిలబడ్డ హెలీ, స్విచ్ వదలగానే ఎవరో నెత్తిన మొట్టినట్టు నేరుగా నేలకు దిగుతుంది. కాబట్టి నొక్కి పట్టుకుని, ఎడమ స్టిక్‌ను సగానికి కాస్త పైకి తెచ్చి, అప్పుడు వదలాలి. ఈ మూడు పనులూ వరుసగా చేతికి పట్టాలంటే ప్రతిరోజూ మొదటి ప్యాక్‌లో, పది మీటర్ల ఎత్తులో, కావాలనే హెలీని ఒక పక్కకు వాల్చి నొక్కి చూడటం అలవాటు చేసుకోవాలి. యూనిట్ ఆరోగ్యం కూడా ఆ పరీక్షలోనే బయటపడుతుంది.

ఈ పరీక్షలోనే అసలు తగువు తేలింది. కొన్ని నెలలు నీటుగా మట్టానికి వచ్చిన హెలీ, ఒక దశలో నొక్కినప్పుడల్లా ఎడమకు పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగి, ఆ వాలులోనే పైకి లేస్తూ పక్కకు పరుగెత్తడం మొదలుపెట్టింది. ఇక్కడో మాట. గడియారం దిశలో తిరిగే రోటర్ ఉన్న హెలీ ఒక చోట నిలబడాలంటే కొద్దిగా కుడికి వాలి ఉండాలి, ఎందుకంటే టెయిల్ రోటర్ మొత్తం మెషిన్‌ను ఎడమకు నెడుతుంది. రెస్క్యూ దాన్ని నిక్కచ్చిగా మట్టం చేస్తుంది కాబట్టి ఎడమకు మెల్లగా జరగడం జబ్బు కాదు. జబ్బుకు గుర్తు వేరు: వాలు కంటికి కనబడుతుంది, ప్యాక్ మొదట్లో తక్కువగా ఉండి చివరికి పెరుగుతుంది, ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది.

అమ్మినచోట అడిగితే లెవెల్ క్యాలిబ్రేషన్ మళ్లీ చేయమన్నారు. చేస్తే ఒక ప్యాక్ బాగుంటుంది, రెండో ప్యాక్‌కు మళ్లీ అదే కథ. ఫర్మ్‌వేర్ మార్చమన్నారు, అదీ అయింది. యూనిట్‌లో తప్పేమీ లేదని తేలడానికి వైబ్రేషన్ గ్రాఫ్ (ఏ వేగం దగ్గర ఎంత వణుకుందో చూపే పటం) తెరవాల్సి వచ్చింది. అమ్మేవాళ్లు చెప్పాల్సిన మొదటి మాట అదే, ఎవరూ చెప్పరు.

సంగతి ఇది. జైరో నిమిషాల తరబడి తన లెక్కను తానే నమ్ముకుంటే తప్పుదారి పడుతుంది. యాక్సెలరోమీటర్ భూమి ఎటుందో చూపిస్తూ దాన్ని నెమ్మదిగా సరిచేస్తుంటుంది. ఆ యాక్సెలరోమీటర్‌కు వణుకు ఎక్కువైతే అది చూపించే 'కింద' అసలు కింద కాదు. మామూలుగా ఎగిరేటప్పుడు ఏమీ తెలియదు, ఎందుకంటే రేట్ మోడ్‌లో (హెలీని మట్టం చేయని మామూలు పద్ధతిలో) యూనిట్ జైరోతోనే నడుస్తుంది. హెలీ చేతికి హాయిగానే ఉంటుంది, రెస్క్యూ మాత్రం నిశ్శబ్దంగా చెడిపోయి ఉంటుంది. నా అలకంతా దీని మీదే. సరిగ్గా అవసరమైనప్పుడు తప్ప తన జబ్బు బయటపెట్టని భద్రతా సాధనం ఇది.

గ్రాఫ్ చదవడం కష్టమేమీ కాదు, ఆర్‌పీఎమ్‌ను 60తో భాగించాలి. 2800 హెడ్ స్పీడ్ అంటే 47 హెర్ట్జ్. అక్కడ శిఖరం ఉంటే బ్లేడ్ బ్యాలెన్స్, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్ చూడాలి. టెయిల్ దానికి నాలుగు రెట్లకు కాస్త పైన తిరుగుతుంది, అంటే దాదాపు 12,000, 200 హెర్ట్జ్. మోటార్ 32,000 పైన, 540 దగ్గర. అక్కడైతే పినియన్ మెష్ లేదా మోటార్ షాఫ్ట్. ఈ మెషిన్‌లో శిఖరం 200 దగ్గర నిలువుగా లేచి ఉంది.

టార్క్ ట్యూబ్ మెషిన్‌లో చిక్కేమిటంటే, ట్యూబ్ కూడా దాదాపు టెయిల్ వేగంతోనే తిరుగుతుంది కాబట్టి గ్రాఫ్ రెండింటినీ విడదీసి చెప్పదు. ఒక్కొక్కటి తీసేస్తూ పోవాలి. ముందు మెయిన్ బ్లేడ్లు తీసి, స్కిడ్లను (కింది కాళ్లను) బల్లకు కట్టేసి, గవర్నర్ మీద అదే వేగంతో తిప్పి గ్రాఫ్ చూడాలి (టెయిల్ తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు, అది వేలును తేలిగ్గా తీసేస్తుంది). తర్వాత టెయిల్ బ్లేడ్లు తీసి మళ్లీ తిప్పాలి. శిఖరం పడిపోతే తప్పు టెయిల్ బ్లేడ్లదో గ్రిప్ బేరింగ్‌దో. అలాగే ఉంటే టెయిల్ షాఫ్ట్ లేదా ట్యూబ్. ఇక్కడ ట్యూబ్ మధ్యలో ఉండే బేరింగ్ లోపలి రింగు వదులై, ట్యూబ్ మీద జారిపోయి ఉంది. బూమ్‌లో ట్యూబ్ నడుముకు ఆసరా లేక ఊగుతోంది. కొత్త బేరింగ్ ఎక్కించి, లోపలి రింగు ట్యూబ్‌ను తాకేచోట పలచని సూపర్ గ్లూ ఒక్క చుక్క సూది మొనతో పెట్టాలి. చుక్క పెద్దదై బాల్స్‌లోకి పాకితే ఆ బేరింగ్ పారేయడమే. బయటి రబ్బరు రింగుకు కొద్దిగా గ్రీజు రాస్తే బూమ్‌లోకి మెలిపడకుండా జారుతుంది. ఈ పని అయ్యాక శిఖరం మామూలు గరుకులో కలిసిపోయింది, వాలూ పోయింది.

అదే పనిలో యూనిట్ కింది డబుల్ టేప్ కూడా మార్చాల్సి వచ్చింది. మన ఎండకు ఆ జిగురు మెత్తబడి యూనిట్ ఒక మూలకు కుంగుతుంది. ఒక మూల అర మిల్లీమీటరు కుంగినా క్యాలిబ్రేషన్ తప్పినట్టే. మొదటి వేసవి దాటగానే టేప్ మార్చేయడం మంచిది. యూనిట్‌లోకి వచ్చే తీగలు బిగుతుగా ఉంటే టేప్ ఆపిన వణుకును అవే మోసుకొస్తాయి, చిన్న ఉచ్చులా వదులు ఇవ్వాలి. ఏసీ కారులోంచి తీసిన హెలీకి నలభై డిగ్రీల ఎండలో వెంటనే ప్యాక్ తగిలించకూడదు. యూనిట్ చల్లగా ఉన్నప్పుడు జైరో సున్నా పట్టుకుని, వేడెక్కే కొద్దీ ఆ సున్నా జరిగిపోతుంది. నీడలో పది నిమిషాలు ఉంచి తగిలిస్తే చాలు.

ఇక పైన మెచ్చుకున్న మాటకు కొంచెం కోత పెట్టాలి. క్రాష్‌లు తగ్గుతాయన్నది నిజమే, నైపుణ్యం పెరుగుతుందన్నది మాత్రం సగం నిజం. నడుముకు బెండు కట్టుకుని బావిలో దిగినవాడికి ధైర్యం వస్తుంది గానీ, బెండు విప్పేదాకా ఈత వచ్చిందో లేదో తెలియదు. రెస్క్యూ ఉన్నప్పుడు నోజ్-ఇన్‌కు వెళ్లే ధైర్యం వస్తుంది, అది విలువైనదే. కానీ హెలీ కాస్త వాలగానే వేలు నొక్కేస్తుంది, ఎటు దిద్దాలో మెదడు లెక్క పూర్తి చేయకముందే. సిమ్యులేటర్‌లో రీసెట్ బటన్‌కు అలవాటు పడ్డ చేతులకు ఈ జబ్బు మరీ త్వరగా అంటుకుంటుంది.

పనిచేసిన పద్ధతి ఇది: నొక్కిన ప్రతిసారీ ఆ ప్యాక్‌కు ఆ భంగిమ ముగిసినట్టు లెక్క. హెలీ ఎటు తిరిగి ఉన్నప్పుడు నొక్కాల్సి వచ్చిందో గుర్తుపెట్టుకుని, సాయంత్రం సిమ్యులేటర్‌లో ఆ ఒక్క కోణమే ఇరవై నిమిషాలు చేయాలి. వరుస టెయిల్-ఇన్, అక్కడి నుంచి 45 డిగ్రీలు, పక్కవాటు, ముక్కు వైపు 45, చివరికి నోజ్-ఇన్. కుడి ఎడమలు రెండూ సమానంగా రావాలి. చాలామందికి ఒక పక్క వస్తుంది, రెండోది రాదు. రాని పక్కను ప్యాక్ మొదట్లోనే చేయాలి, కళ్లు అలసిపోయాక కాదు. స్టిక్‌తో తప్పించుకోవడం విడిగా సాధన చేయాలి: ముందు కలెక్టివ్ (పిచ్ పెంచి పైకి), ఎత్తు దొరికాక రడ్డర్‌తో (తోకను తిప్పే స్టిక్‌తో) టెయిల్-ఇన్‌కు. ఇది చేతికి వస్తే స్విచ్ అవసరం దానంతటదే తగ్గుతుంది.

రెండు మీటర్ల కంటే తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు రెస్క్యూ వద్దు, థ్రాటిల్ హోల్డే (మోటార్‌ను ఆపేసే స్విచ్). రెస్క్యూకు నేల ఎక్కడుందో తెలియదు. బ్లేడ్ నేలను తాకాక కూడా నొక్కి పట్టుకుంటే అది మట్టం చేయడానికి గింజుకుంటూనే ఉంటుంది, ఒక సర్వో పోయేచోట మూడూ పోతాయి. మనుషుల వైపు వెళ్తున్నప్పుడూ హోల్డే. హెలీ తలకిందులుగా ఉంటే తిరగడానికి ఎత్తు ఇంకా ఎక్కువ కావాలి. కొన్ని యూనిట్లలో తలకిందులుగానే నిలిపే ఎంపిక ఉంటుంది గానీ, హోవర్ నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు.

కొనాలా? దగ్గర్లో నేర్పేవాళ్లు ఎవరూ లేక, విడి భాగాల కోసం వారాలు ఆగాల్సి వచ్చే నాలాంటివాళ్లకైతే కొనాలి. పక్కన బడ్డీ బాక్స్ (నేర్పేవాళ్లకు, నేర్చుకునేవాళ్లకు కలిపి కట్టిన రెండో రిమోట్) పట్టుకుని నిలబడే అనుభవజ్ఞుడు ఉంటే ఆ డబ్బు బ్లేడ్లకు, బేరింగ్‌లకు పెట్టడం మేలు. కొనేముందు రిమోట్ చూసుకోండి: స్టిక్ మీంచి బొటనవేలు తీయకుండా చూపుడువేలికి అందే స్ప్రింగ్ స్విచ్ ఉండాలి. అది లేక ముందువైపు మామూలు టోగుల్‌కు కేటాయిస్తే, స్టిక్ వదిలి స్విచ్ వెతుక్కునే లోపే హెలీ నేల మీద ఉంటుంది.